ఇంట్లో నర్సమ్మ ఉండగా

"ఏమండీ, వెళ్ళేముందు ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెడతారా?"

పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చున్న కోడలు భర్తని అడిగింది. అతను సిటీ బస్సు డ్రైవరు. మొదటి ట్రిప్పు తనదే కాబట్టి ఒక కాలికి బూటు, రెండో కాలికి ఉత్త మేజోడుతో ఇల్లంతా తిరుగుతూ తాళాలు వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాట ఆపి కిటికీ దగ్గరికొచ్చి, దారం కొస నోట్లో తడిపి సూదిలో ఎక్కించాడు.

"ఇదేంటే, మొన్నటిదాకా కరెంటు పోయినా ఎక్కించేదానివి కదా?"

"ఏమో, కళ్ళముందు పొగ కమ్మినట్టుంది. రాత్రి నుంచి తల కూడా పగిలిపోతోంది."

వంటగదిలో టీ వడగడుతున్న అత్తగారు అక్కణ్ణుంచే నవ్వింది. "నాకింకా రాని చత్వారం నీకొచ్చేసిందా తల్లీ? బాగుంది, ఇద్దరం ఒకేసారి కళ్ళజోళ్ళు పెట్టించుకుందాం. పొద్దస్తమానం ఆ బడిపిల్లల యూనిఫారాల మీద వంగి కూర్చుంటే తల నొప్పెట్టక ఏం చేస్తుంది? టీ తాగి కాసేపు నడుం వాల్చు."

"చెప్పులు కూడా పట్టడం లేదత్తయ్యా."

"మావాడివి వేసుకో. వాడి పాదాలు పడవలంత ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది, కణతలు నొక్కుకుంటూ. ఆ ఇంట్లో 'మామూలే' అన్న మాటకి తిరుగులేదు. ఎందుకంటే ఆ మాట అన్నది మామూలు మనిషి కాదు. పేటలోని ఆరోగ్యకేంద్రంలో జుట్టు నెరిసేదాకా పనిచేస్తూ వచ్చిన నర్సు. ఆవిడ పేరేమిటో పేటలో సగం మందికి తెలియదు, అందరికీ నర్సమ్మే. ఆమె చేతుల మీదుగా టీకాలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆమె ముందు నిలబడుతున్నారు. ఏ ఇంట్లో ఏ అమ్మాయికి నెల తప్పిందో ఆ అమ్మాయి మొగుడికంటే ముందు నర్సమ్మకి తెలిసిపోతుందని ఒక ఛలోక్తి కూడా ఉంది.

కోడలు తల్లి లేని పిల్ల. కడుపు పండిందని తెలిసిన రోజునుంచీ ఇరుగుపొరుగులు ఒకటే మాట అన్నారు. "ఇంట్లో నర్సమ్మ ఉండగా నీకేంటమ్మా భయం!" అనగా అనగా అది అందరికీ నమ్మకమైపోయింది. మొదటి నెలల్లో కేంద్రానికి వెళ్ళి చూపించుకుంది. తర్వాత అత్తగారే, "బరువుతో ఆ లైన్లో నిలబడటం దేనికి, ఇంట్లోనే చూసేస్తాను" అంది. అన్నది ప్రేమతోనే. బీపీ మిషన్ ఆమె సంచిలో రోజూ సాయంత్రం ఇంటికొచ్చేది, రోజూ పొద్దున్నే తిరిగి వెళ్ళేది. మధ్యలో ఆ సంచి తెరిచే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆదివారం చూద్దాం అనుకునేది. ఆదివారం బట్టలుతుక్కోవడంతో సరిపోయేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బయట ఎవరు నొప్పన్నా ప్రాణం పెట్టి వినే ఈ మనిషి, ఇంట్లో ఎవరైనా నొప్పంటే "అదీ ఒక నొప్పేనా, నేను చూసినవి చూస్తే ఏమంటారో" అనేది. చెడ్డ మనిషి కాదు. పగలంతా వినీ వినీ సాయంత్రానికి ఆమె చెవులు అలిసిపోయేవి. కొడుకు చిన్నప్పుడే ఈ సంగతి గ్రహించి, జ్వరమొచ్చినా ముసుగుతన్ని పడుకోవడం నేర్చుకున్నాడు. కోడలు ఈ మధ్యే నేర్చుకుంటోంది.

ఆ రోజు కేంద్రంలో గర్భిణుల రోజు. రేకుల వరండాలో బల్లలన్నీ నిండిపోయాయి. ఒక మూల పసిపిల్లల బరువు చూసే తక్కెడ వేలాడుతోంది, అందులో పడుకోబెట్టిన ప్రతివాడూ మిన్ను విరిగి మీదపడ్డట్టు ఏడుస్తున్నాడు. వాకిట్లో వ్యాన్ డ్రైవరు టీకాల ఐసుపెట్టెలు ఎక్కిస్తున్నాడు. పక్క పేటలో తల్లులు ఎదురుచూస్తున్నారని గొణుక్కుంటున్నాడు.

నర్సమ్మ బల్లల మధ్య నిలబడి ఎప్పుడూ చెప్పే పాఠం మొదలుపెట్టింది. రక్తం కనబడితే రావాలి, ఉమ్మనీరు పోతే రావాలి, బిడ్డ కదలిక తగ్గితే రావాలి.

"నెలలు నిండేకొద్దీ కాళ్ళు కాస్త వాస్తాయి. కానీ మొహం, చేతులు కూడా వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, ఇంకేం ఆలోచించొద్దు. ఉన్నపళంగా పరుగెత్తుకురండి. అది బీపీ. తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ పట్టుకుపోతుంది."

కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి భయం భయంగా చెయ్యెత్తింది. "మసకబారడమంటే ఎలా ఉంటుందమ్మా? నాకు ఎప్పుడూ దూరానివి సరిగా కనబడవు."

"అది వేరమ్మా. ఇది ఉన్నట్టుండి వస్తుంది. కళ్ళముందు పొగ కమ్మినట్టుంటుంది. నిన్నటిదాకా ఎక్కించినదానివి ఇవాళ సూదిలో దారం కూడా..."

మాట అక్కడ ఆగిపోయింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆమె పక్కనున్న బల్ల పట్టుకుంది.

"ఏమైందక్కా?" అంటూ లోపలి గదిలోంచి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన చిన్న నర్సు పరుగెత్తుకొచ్చింది.

"నా కోడలు," అంది నర్సమ్మ. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తి వ్యాన్ ఎక్కేసింది.

"అమ్మా, నేను పక్క పేటకి వెళ్ళాలి, ఆలస్యమైతే ఐసు..."

"మా ఇంటికి పోనీ!" ఆ గొంతు డ్రైవరు ఎప్పుడూ వినలేదు. మారుమాట్లాడకుండా బండి తిప్పాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. కుట్టుమిషన్ సూది కింద సగం కుట్టిన చొక్కా కాలరు, కింద బోర్లాపడిన ముక్కాలిపీట. పీట పక్కనే కోడలు. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయి కొట్టుకుంటోంది. నోటి చివర నురగ, నురగలో రక్తం.

నర్సమ్మ ఇలాంటివి చాలా చూసింది. ఏం చెయ్యాలో ఆమె చేతులకి కంఠతా వచ్చు. ఎడమ పక్కకి తిప్పింది, తల కింద ఏదో గుడ్డ పెట్టింది, నోరు తుడిచింది. చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. నోరు మాత్రం, "తల్లీ, నా తల్లీ, లేవవే, నేనొచ్చానే" అని పేటలో ఏ చదువూ రాని తల్లి ఏడ్చినట్టే ఏడ్చింది. కొట్టుకోవడం ఆగాక డ్రైవరూ తనూ కలిసి ఎత్తి వ్యాన్లో పడుకోబెట్టారు. ఐసుపెట్టెల మధ్య, ఇనుప నేల మీద, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా తన అరచెయ్యి అడ్డం పెట్టింది. బిడ్డ కదులుతోందేమోనని పొట్ట మీద చెయ్యి వేసి, ఏమీ తెలియక, భయంతో చెయ్యి తీసేసింది.

కేంద్రంలో చిన్న నర్సు సూదిమందు సిద్ధంగా పెట్టుకుంది. "నువ్వే చెయ్," అని నర్సమ్మ పక్కకి తప్పుకుంది. కోడలి చెయ్యి వదలకుండా పట్టుకుంది. డాక్టరమ్మ బీపీ చూసి అంకె పైకి చెప్పలేదు, "పెద్దాసుపత్రికి, వెంటనే" అని మాత్రం అంది. అంబులెన్సులో చిన్న నర్సు కూడా ఎక్కింది.

కబురంది కొడుకు ఆసుపత్రికి వచ్చేసరికి ఆపరేషన్ గది తలుపులు మూసేశారు. యూనిఫారంలోనే ఉన్నాడు. బస్సుని ఎవరికో అప్పగించి వచ్చినట్టున్నాడు, టికెట్ల మిషన్ కూడా పొరపాటున మెడలోనే వేలాడుతోంది. అది కండక్టరుది.

లోపల్నుంచి ఒక డాక్టరు బయటికొచ్చాడు. "ఆపరేషన్ చేసి బిడ్డని తీసేస్తున్నాం. తీయకపోతే తల్లి దక్కదు. తీసినా ఇద్దరిలో ఎవరికీ నేను హామీ ఇవ్వలేను." మళ్ళీ లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఇది ఒక్క రోజులో వచ్చేది కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ బీపీ చూడలేదా? మీ పేటలో నర్సులు లేరా?"

తలుపు మూసుకుంది. ఆ వరండాలో ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు.

కొడుకు ముందు తల్లి వంక చూడలేదు. చిన్న నర్సు మీద విరుచుకుపడ్డాడు. "మా వీధిలో ఇంటింటికీ తిరిగి చూడాల్సింది నువ్వే కదా? ఏ నర్సుకీ తను ఉంటున్న వీధిని ఇవ్వరని, పక్కింటి మనిషికి ఎవరూ కడుపులో మాట చెప్పుకోరని, అందుకే మా వీధి నీకిచ్చారని అమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! మరి ఎందుకు రాలేదు? ఎదురింటికొస్తావు, పక్కింటికొస్తావు, మా గుమ్మం ఒక్కటే కనబడలేదా నీకు? నా భార్య మనిషి కాదా?"

చిన్న నర్సు తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఒక్కసారి నర్సమ్మ వైపు చూసి, మళ్ళీ నేల చూపులు చూసింది.

"చెప్పు! నోరు పడిపోయిందా?"

"తప్పయిపోయిందన్నా," అంది ఆ పిల్ల మెల్లగా.

ఊరుకుంటే చాలు అనుకుంది నర్సమ్మ. ఆ పిల్ల తప్పు తన నెత్తిన వేసుకుంటోంది, ఇంకో మాట చెప్పదు. తన చేతుల్లో పని నేర్చుకున్న పిల్ల, నోరెత్తి తన పరువు తియ్యదు. ఊరుకుంటే కొడుకు తనవాడిగానే మిగులుతాడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"అది వచ్చిందిరా," అంది.

కొడుకు తిరిగి చూశాడు.

"ఐదో నెలలో వచ్చింది. గుమ్మంలోకొచ్చి, వదినకి బీపీ చూస్తాను అక్కా అంది. నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్నొచ్చినదానివి, నా ఇంటికొచ్చి నా కోడలికి చూస్తావా, నాకు చేతకాదని నలుగురూ అనుకోవాలా అన్నాను. టీ ఇచ్చి పంపించేశాను. తర్వాత ఇంకోసారి వచ్చింది. అప్పుడు టీ కూడా ఇవ్వలేదు."

"మరి నువ్వు చూశావా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కొడుకు గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయాడు. ఇప్పుడు అతని గొంతులో కోపం కూడా మిగల్లేదు, అది ఇంకా భయంకరంగా ఉంది.

"పొద్దున తలనొప్పంటే నవ్వావు. నేనూ నవ్వాను. నువ్వు నవ్వావని నవ్వానమ్మా. నువ్వు నవ్వితే భయం లేదని కదా మాకు లెక్క? నాకేం తెలుసు, నేను బస్సు తోలుకునేవాణ్ణి. ఊరందరికీ నర్సువి. మాకెవరివి?"

ఆమె దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టుకోకు. ఇంటికెళ్ళిపో. అది కళ్ళు తెరిస్తే, తెరిస్తే, అప్పుడు నువ్వు ఎదురుగా ఉండొద్దు."

నర్సమ్మ ఇంటికి వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? మెట్ల కింద, చక్రాల కుర్చీలు పెట్టేచోట కూర్చుంది. చిన్న నర్సు పక్కనే కూర్చుంటే, "నువ్వు వెళ్ళమ్మా, నిన్ను చూస్తే ఇంకా ఏడుపొస్తోంది" అని పంపించేసింది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిందన్న మాటే గానీ ఏడుపు ఎవరికీ వినబడలేదు. గుప్పెడంత బిడ్డని గుడ్డలో చుట్టి, పరుగులాంటి నడకతో పసిపిల్లల విభాగంలోకి తీసుకుపోయారు. తల్లికి స్పృహ రాలేదు. కొడుకు ఈ తలుపుకీ ఆ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఒక తలుపు దగ్గర భార్య గురించి అడిగేవాడు, ఇంకో తలుపు దగ్గర బిడ్డ గురించి. రెండు చోట్లా "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్న సమాధానమే వచ్చేది. మెట్ల దగ్గర తల్లి కనబడితే మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. ఆమె మాత్రం అటు వెళ్ళే సిస్టర్లని ఆపి బిడ్డ సంగతి కనుక్కుంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి కోడలు కళ్ళు తెరిచింది. ఒక గండం గడిచినట్టేనని డాక్టరు చెప్పాడు. కొడుకు లోపలికెళ్ళి భార్య చెయ్యి పట్టుకుని, "పాప పుట్టిందే. బాగుంది. చక్కగా నిద్రపోతోంది" అన్నాడు. డ్యూటీలో ఉన్న సిస్టరు కూడా అదే చెప్పింది. కోడలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"అత్తయ్యేరీ?"

అతను ఆమె దుప్పటి సరిచేశాడు.

"అత్తయ్యని పిలవండి."

"ఇప్పుడెందుకు? నువ్వు పడుకో."

"పిలవండి," అంది మళ్ళీ. నాలుక కొరుక్కుపోయి మాట ముద్దగా వస్తోంది, అయినా ఆ మాటలో పట్టుదల అతనికి తెలుస్తూనే ఉంది. అతను మెట్ల దాకా వెళ్ళాడు. "పిలుస్తోంది," అని మాత్రం అన్నాడు, మొహం చూడకుండానే.

నర్సమ్మ మంచం పక్కకొచ్చి నిలబడింది. ఆ వాచిన మొహం, పగిలిన పెదవి చూసేసరికి గుండె తరుక్కుపోయింది. కాళ్ళ దగ్గర కూలబడబోతే కోడలు చెయ్యి కదిపి ఆపింది.

"అత్తయ్యా, పాప ఎలా ఉంది? వీళ్ళు బాగుందంటున్నారు. బాగుంటే నా దగ్గరికి తేవాలి కదా?"

కొడుకు తల్లి వంక కళ్ళతోనే వద్దని చెప్పాడు. సిస్టరు గొంతు సవరించుకుంది. మామూలే తల్లీ, నెల తక్కువ పిల్లలు అలాగే ఉంటారు, అని చెప్పెయ్యడం నర్సమ్మకి చాలా తేలిక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"బాగా లేదమ్మా," అంది. "నెలలు నిండకుండా పుట్టింది. మరీ చిన్నది. ఊపిరి తనంతట తనే తీస్తోంది గానీ కష్టపడి తీస్తోంది. ఒళ్ళు ఇట్టే చల్లబడిపోతోంది. దక్కుతుందో లేదో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు."

"అమ్మా!" అని కొడుకు అరిచాడు.

"మీరుండండి," అంది కోడలు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారిపోతున్నాయి. "చెప్పనివ్వండి. నాకు ఇందాకటినుంచీ పిచ్చెక్కిపోతోంది. అందరూ నవ్వుతూ అబద్ధం చెప్తుంటే పాప పోయిందేమో అనుకున్నాను."

"నీకిలా కావడానికి కారణం నేనేనమ్మా. చూస్తానన్నాను, చూడలేదు. చూడటానికి వచ్చినదాన్ని వెళ్ళగొట్టాను. నన్ను ఏమైనా అను."

కోడలు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత, "నేను చెప్పాను కదత్తయ్యా," అంది. అంతే. తిట్టలేదు, ఏడుపు పెంచలేదు. ఆ ఒక్క మాటకి నర్సమ్మ మంచం ఊచ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పేటలో ఎందరో ఆమె భుజం మీద పడి ఏడ్చారు, ఆమె ఇలా ఏడవడం మాత్రం కొడుకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే పసిపిల్లల విభాగం నుంచి కబురొచ్చింది. బిడ్డ ఒళ్ళు మళ్ళీ చల్లబడుతోంది, ఎవరైనా ఒకరు గుండెకి హత్తుకుని కూర్చుంటే మంచిది, తల్లి లేచే స్థితిలో లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళెవరైనా రావాలి అని. కొడుకు గబగబా చొక్కా గుండీలు విప్పుకుంటూ లేచాడు. నిన్నటినుంచీ నిద్ర లేదు, మెతుకు ముట్టలేదు, లేవగానే తూలి మంచం పట్టుకున్నాడు.

"మీరు కాదు," అంది కోడలు. "అత్తయ్య వెళ్తారు."

"వద్దు. ఆవిడ చేతుల్లో..." అని ఆగిపోయాడు.

"నా బిడ్డండీ అది. నేను లేవలేను. లేవగలిగితే ఎవరికీ ఇవ్వను." ఊపిరి కూడదీసుకుంది. "ఇందాక నాకు నిజం చెప్పారు కదా. పాప దగ్గర కూడా కళ్ళు మూసుకోరు. వెళ్ళండత్తయ్యా."

ఆ గదిలో వేడిగా ఉంది. వరసగా గాజుపెట్టెలు. సిస్టరు చాలా చిన్న వయసు పిల్ల. నర్సమ్మని చూసి గుర్తుపట్టి, "అయ్యో, మీరా అమ్మా! మీకు నేను చెప్పేదేముంది, మీరే మాకు శిక్షణలో నేర్పారు కదా" అంటూ బిడ్డ కోసం వంగింది.

"చెప్పమ్మా," అంది నర్సమ్మ. "మొదటినుంచీ అన్నీ చెప్పు. నాకేమీ తెలియదనుకుని చెప్పు."

ఆ పిల్ల బిడియపడుతూనే చెప్పింది. చేతులు మోచేతుల దాకా ఎలా కడుక్కోవాలో, రవికె ఎలా వదులు చేసుకోవాలో, బిడ్డ తల ఒక పక్కకి తిప్పి ముక్కు మూసుకుపోకుండా ఎలా పెట్టుకోవాలో, బిడ్డ రంగు ఎలా మారితే వెంటనే పిలవాలో. నర్సమ్మ ప్రతి మాటకీ తలూపింది. ఒకచోట అర్థం కానట్టనిపించి మళ్ళీ అడిగింది. నిజంగానే భయంతో బుర్ర పనిచెయ్యడం లేదు.

బిడ్డని గుండెల మీద పెట్టారు. బరువే తెలియలేదు. ఎలకపిల్లంత ఒళ్ళు, చల్లగా. ముక్కులో సన్నటి గొట్టం. ఒక ఊపిరి తీసి, తర్వాతది తీస్తుందో తియ్యదో అన్నట్టు ఆగి, మళ్ళీ తీస్తోంది. నర్సమ్మ కళ్ళు బిడ్డ మీంచి తిప్పలేదు. కన్నీళ్ళు బిడ్డ మీద పడకుండా భుజంతో తుడుచుకుంది.

ఎంతసేపయిందో, తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినబడింది. కొడుకు. లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆమె తలెత్తలేదు.

"అమ్మా," అన్నాడు. "ఎలా ఉంది?"

"నిజం చెప్పనా?"

"చెప్పు."

"ఇందాకటికంటే కాస్త వెచ్చబడింది. అంతకుమించి తెలియదు."

అతను వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి నెమ్మదిగా తల ఆమె మోకాలికి ఆన్చాడు. ఇద్దరూ ఆ బిడ్డ తర్వాతి ఊపిరి కోసం చూస్తూ కూర్చున్నారు.